ఏకై వచ్చి మేకైన చెట్టు

నెల్లూరు తీరం వెంబడి ప్రయాణించేవారికి ఒక ముళ్లచెట్టు తరచుగా కనిపిస్తుంది. బకింగ్‌హాం కాలువ గట్లపైన, చెరువు కట్టలపైన, ఉప్పు తేలిన బీడు నేలలలో అది గుబురుగా అల్లుకొని ఉంటుంది. ప్రజలు దానిని సర్కారు తుమ్మ అని, చిల్లచెట్టు అని పిలుస్తారు. శాస్త్రజ్ఞులకు అది ప్రోసోపిస్ జూలిఫ్లోరా. ఈ నేలలోనే పుట్టినట్లు కనిపించే ఈ చెట్టు నిజానికి పరదేశి. మెక్సికో, మధ్య అమెరికా, దక్షిణ అమెరికా ఉత్తర భాగం దాని జన్మస్థానాలు.

దానిని ఇక్కడికి రప్పించినది మనిషే. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీ సంరక్షకుడుగా ఉన్న బెడ్డోమ్, మెట్ట ప్రాంతాలలో నాటడానికి ఈ విత్తనాలను తెప్పించవలసిందిగా 1876లో ప్రభుత్వాన్ని కోరాడు. 1877లో కడప జిల్లా కమలాపురంలో వాటిని నాటారు. వానలు తక్కువైన సీమలో పేదలకు వంటచెరకు దొరకాలి, బీడు నేలలు పచ్చబడాలి అన్నది ఆశయం. ఆ ఆశయం నెరవేరింది. కాని చెట్టు నాటిన చోటనే ఆగలేదు.

ఇక్కడ ఒక సందేహం కలుగుతుంది. మిరప, వేరుసెనగ, జీడిమామిడి కూడ అమెరికా ఖండాల నుండి వచ్చినవే. అవి మన పొలాలను ఆక్రమించలేదు. మిరప మొక్క మనిషి నాటి, నీరు పెట్టి, కలుపు తీస్తేనే చేనులో నిలుస్తుంది. సర్కారు తుమ్మకు ఆ సేవ అక్కరలేదు. పరాయి జీవి ఆక్రమణకారిగా మారడానికి మొదటి కారణం ఇదే: మనిషి సాయం లేకుండ బ్రతికి, సంతానాన్ని పెంచుకోగల శక్తి.

రెండవ కారణం వ్యాప్తి. ఈ చెట్టు కాయలు తియ్యగా ఉంటాయి. ఈ ప్రాంతానికి పేరు తెచ్చిన నెల్లూరు జాతి గొర్రెలతో పాటు మేకలు, పశువులు వాటిని ఇష్టంగా తింటాయి. గట్టి పెంకు గల విత్తనాలు చాలావరకు జీర్ణం కాక పేడతో, పెంటికలతో బయటపడి, అక్కడే మొలకెత్తుతాయి. ఆకులను మాత్రం పశువులు సాధారణంగా ముట్టవు. పైగా ఈ చెట్టు చౌడును, కరవును తట్టుకుంటుంది. మొదలంట నరికినా మోడు నుండి మళ్లీ చిగురిస్తుంది.

మూడవ కారణం శత్రువులు లేకపోవడం. జన్మభూమిలో విత్తనాలను తొలిచే పురుగులు దాని సంఖ్యను కొంత అదుపులో ఉంచుతాయి. విత్తనం సముద్రాలు దాటి వచ్చింది గాని, ఆ పురుగులు వెంట రాలేదు. నాగజెముడు కథ దీనికి నిదర్శనం. అమెరికా నుండి వచ్చిన ఆ మొక్క దక్షిణ భారతంలో విపరీతంగా వ్యాపించగా, దానినే తిని బ్రతికే ఒక పురుగును 1926లో శ్రీలంక నుండి తెచ్చి వదిలారు. కొద్ది కాలంలోనే నాగజెముడు వెనుకంజ వేసింది. అయితే సర్కారు తుమ్మ విషయంలో తొందరపాటు తగదు. దసరానాడు మనం పూజించే జమ్మి దానికి దగ్గరి బంధువు. ఒకదానికై తెచ్చిన పురుగు రెండవదానిని ముట్టదని ముందుగా రుజువు కావాలి.

సర్కారు తుమ్మ గుబురు కింద గడ్డి సరిగా పెరగదు. అందువలన మేత బయళ్లు తరిగి గొర్రెల కాపరులు నష్టపోతారు. కాని అదే చెట్టును కొట్టి, బొగ్గు కాల్చి బ్రతికే కుటుంబాలు కూడ ఉన్నాయి. ఒకరికి కంటకమైనది మరొకరికి కూడు పెడుతున్నది. కనుక దానిని తొలగించేవారు వేళ్లతో పెకలించి, ఆ చోట దేశవాళీ మొక్కలను పెంచడంతో పాటు, దానిపై ఆధారపడినవారికి వేరొక జీవనోపాధిని కూడ చూపవలసి ఉంటుంది.

వచ్చిన తరువాత తొలగించడం కంటె, రాకముందే పరీక్షించడం సులభం. పసిఫిక్ తీరపు వనామి రొయ్యను పెంచడానికి 2009లో మన దేశం అనుమతించినపుడు, దిగుమతి చేసే తల్లి రొయ్యలను చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో పరీక్షించాలనే నియమం పెట్టారు. 1877లో నాటిన విత్తనానికి అటువంటి పరీక్ష జరగలేదు. మంచి ఉద్దేశం ఒక్కటే చాలదని, ఏకై వచ్చి మేకైన ఈ చెట్టు నేటికీ గుర్తు చేస్తున్నది.