ఎముకల మీద పాటలు

మీకొక కొత్త పాట బాగా నచ్చిందనుకోండి. ఏం చేస్తారు? బడిలో పక్కన కూర్చునే స్నేహితుణ్ణి "ఆ పాట విన్నావా?" అని అడుగుతారు. వినలేదంటే, వాడికి వినిపించేదాకా మీకు తోచదు. తీరా వినిపించేటప్పుడు మీరు పాట వినడం మానేసి వాడి ముఖమే చూస్తూంటారు! మిఠాయి పంచితే తరిగిపోతుంది గాని, పాట పంచితే తరగదు కదా అని మనం అనుకుంటాం. నిజంగా తరగదా? కొందరు సంగీతాభిమానులకు ఇది చాలా పెద్ద చిక్కు తెచ్చిపెట్టింది.

ముందుగా వాళ్ళు వదిలివెళ్ళిన ఒక వింత వస్తువును చూద్దాం. అది పల్చని, వంగే, గుండ్రటి రేకు. ఎవరో కత్తెరతో కత్తిరించినట్లున్నారు, అంచు కాస్త వంకరటింకరగా ఉంది. నడుమ నిప్పుతో కాల్చినట్లు చిన్న రంధ్రం. కిటికీ వెలుగుకు ఎత్తి పట్టుకుని చూస్తే అందులో మనిషి పక్కటెముకలు కనిపిస్తాయి! అవును, అది ఎక్స్-రే ఫిల్ము. ఏ రోగికో ఆసుపత్రిలో తీసినది. దానినే గ్రామఫోను మీద పెట్టి తిప్పితే, బరబరమనే చప్పుడు వెనుకనుంచి జాజ్ బాండు వాయిద్యం వినిపిస్తుంది.

ఇటువంటి రికార్డులను 1940ల చివరినుంచి 1960ల నడుమదాకా సోవియట్ యూనియన్‌లో సంగీతాభిమానులు రహస్యంగా తయారుచేసి పంచుకున్నారు. ఈ పని ముఖ్యంగా లెనిన్‌గ్రాడ్ నగరంలో జరిగింది. ఆ నగరాన్నే ఇప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్ అంటున్నారు. అక్కడి కుర్రకారు ఈ రికార్డులకు పెట్టుకున్న ముద్దుపేర్లు "ఎముకలు", "పక్కటెముకలు".

రహస్యం ఎందుకంటారా? ఆ దేశంలో రికార్డులు తయారుచేసే కర్మాగారాలన్నీ ప్రభుత్వానివే. ఏ పాట ప్రజలు వినాలో, ఏది వినకూడదో ప్రభుత్వమే నిర్ణయించేది. అమెరికా జాజ్ సంగీతం, బూగీ వూగీ నాట్య సంగీతం మొదలైనవి యువకులను చెడగొడతాయని పెద్దల అభిప్రాయం. దేశం విడిచి వెళ్ళిన రష్యన్ గాయకుల పాటలు కూడా పనికిరావు. ప్యోతర్ లేష్చెంకో అనే గాయకుడు పాడినవి రష్యన్ భాషలోని ప్రేమ గీతాలే, టాంగో బాణీలే. కాని ఆయన రుమేనియాలో ఉండేవాడు, కనుక ఆయన పాట నిషిద్ధం. ఓడల మీద విదేశాలకు వెళ్ళి వచ్చే నావికులు ఎప్పుడైనా ఒకటో రెండో రికార్డులు దాచి తెచ్చేవారు. రికార్డు ఒక్కటి, వినాలని ఉవ్విళ్ళూరేవారు వేలమంది. నకళ్ళు తీయక తప్పదు. కాని దేనిమీద తీయాలి?

ఆనాటి గ్రామఫోను రికార్డు దేనితో తయారయ్యేదో మీకు తెలుసా? లక్కతో! మన హైదరాబాదు లాడ్‌బజారు గాజులకు వాడే లక్కే అది. చెట్ల కొమ్మల మీద బతికే లక్క పురుగులు దీనిని స్రవిస్తాయి. ప్రపంచంలోని రికార్డు కర్మాగారాలకు కావలసిన లక్కలో చాలా భాగం మన ఛోటా నాగపూర్ అడవులనుంచే వెళ్ళేది. లక్కలో మెత్తటి రాతిపొడి కలిపి, వేడిచేసి, అచ్చుల మధ్య పెట్టి పెద్ద యంత్రంతో అదిమితే రికార్డు తయారవుతుంది. ఇదంతా ఇంట్లో చేసే పని కాదు. రికార్డు చేయడానికి ప్రత్యేకంగా తయారుచేసే మెత్తటి పూత పళ్ళాలు సామాన్యులకు దొరికేవి కావు.

అప్పుడు వాళ్ళ కన్ను ఆసుపత్రుల మీద పడింది. ఆనాటి ఎక్స్-రే ఫిల్ము తేలికగా అంటుకునేది. అందుచేత పాత ఫిల్ములను నిలవ ఉంచకుండా వదిలించుకోవడం ఆసుపత్రులకు అవసరం. అడిగినవారికి కారుచవకగా దొరికేవి. కొన్నిసార్లు చెత్తకుప్పలోనే దొరికేవి.

ఎక్స్-రే కిరణాలను రంట్‌జెన్ 1895లో కనుగొన్నాడని మీరు చదివే ఉంటారు. కండరాలగుండా ఈ కిరణాలు సులువుగా దూసుకుపోతాయి. ఎముకలో ఉన్న కాల్షియం వాటిని చాలావరకు అడ్డుకుంటుంది. ఫిల్ముకు పూసిన జెలటిన్ పొరలో వెండి లవణాలుంటాయి. కిరణాలు తగిలినచోట, ఫిల్మును కడిగిన తరువాత వెండి నల్లటి రేణువులుగా మిగులుతుంది. ఎముక నీడ పడినచోట ఫిల్ము తెల్లగా ఉండిపోతుంది. వైద్యుడికి కావలసింది ఈ నలుపు తెలుపుల బొమ్మ. మన సంగీతాభిమానులకు బొమ్మతో పనిలేదు. పల్చగా ఉండటం, గీస్తే గీత పడటం, ఈ రెండే వాళ్ళకు కావాలి.

గీతకూ పాటకూ సంబంధమేమిటి? ధ్వని అంటే గాలిలో కంపనాలు. ఆ కంపనాలకు అనుగుణంగా ఒక సూది అటూ ఇటూ వణుకుతూ తిరుగుతున్న పళ్ళెం మీద గీత గీస్తే, ఆ గీత కూడా పాములా వంకరలు తిరుగుతుంది. దీనినే గాడి అంటాం. తరువాత అదే గాడిలో మరొక సూదిని నడిపిస్తే, అది ఆ వంకరల ప్రకారమే వణుకుతుంది. ఆ వణుకే మళ్ళీ పాటగా వినిపిస్తుంది.

కాస్త లెక్క వేద్దాం, భయపడకండి. ఈ రికార్డులు నిమిషానికి 78 సార్లు తిరుగుతాయి. అంటే సెకనుకు 1.3 సార్లు. మూడు నిమిషాల పాటకు 234 చుట్లు. గాడి బయటి అంచున వృత్తం అడ్డుకొలత 24 సెంటీమీటర్లనుకుంటే, చుట్టుకొలత సుమారు 75 సెంటీమీటర్లు. దానిని 1.3తో గుణిస్తే, సూదికింద సెకనుకు 98 సెంటీమీటర్ల గాడి జరుగుతుందన్నమాట. పాట ముగిసే చోట, లోపలి వృత్తం అడ్డుకొలత 10 సెంటీమీటర్లే. అక్కడ సెకనుకు 41 సెంటీమీటర్ల గాడి మాత్రమే జరుగుతుంది. ఇప్పుడు సెకనుకు 5,000 కంపనాలు గల సన్నని ధ్వని వచ్చిందనుకోండి. అంచు దగ్గర ఒక్కొక్క వంకరకు 0.2 మిల్లీమీటరు చోటు దొరుకుతుంది. లోపల దొరికేది 0.08 మిల్లీమీటరే, దాదాపు తలవెంట్రుక మందమంత! ఈ సంగతి గుర్తుంచుకోండి, మళ్ళీ అవసరమవుతుంది.

గాడి గీయడానికి యంత్రం కావాలి కదా? 1946లో లెనిన్‌గ్రాడ్‌లోని నేవ్‌స్కీ వీధిలో స్తానిస్లావ్ ఫిలోన్ అనే ఆయన ఒక దుకాణం తెరిచాడు. అక్కడికి వెళ్ళి ఎవరైనా తమ మాటలను రికార్డు చేయించుకుని, ఉత్తరంలా ఊరికి పంపుకోవచ్చు. పగలు అదే వ్యాపారం. దుకాణం మూసిన తరువాత అదే యంత్రం మీద నిషిద్ధమైన పాటలకు నకళ్ళు తయారయ్యేవి. రుస్లాన్ బొగొస్లోవ్‌స్కీ అనే యువకుడు ఆ యంత్రాన్ని జాగ్రత్తగా పరిశీలించి, దాని కొలతలు మనసులో పెట్టుకుని, తనే ఇంకొకటి తయారుచేశాడు! బరీస్ తైగిన్ అనే మిత్రుడితో కలిసి ఒక రహస్య స్టూడియో పెట్టి, దానికి "బంగారు కుక్క" అని పేరు పెట్టుకున్నాడు. గ్రామఫోను ముందు కూర్చున్న కుక్కబొమ్మ గల రికార్డులను మీ తాతగారింట్లో చూసే ఉంటారు. ఆ కుక్కకు ఇది రష్యన్ చుట్టమన్నమాట.

యంత్రం పని సులువుగానే అర్థమవుతుంది. ఒకపక్క అసలు రికార్డు తిరుగుతూంటుంది. దాని సూది వణుకు విద్యుత్ ప్రవాహంగా మారుతుంది. ఆంప్లిఫయరు ఆ ప్రవాహాన్ని బలపరుస్తుంది. అది రెండోపక్క అయస్కాంతం నడుమనున్న తీగచుట్టను కదిలిస్తుంది. తీగచుట్టకు తగిలించిన కోతసూది, తిరుగుతున్న ఫిల్ము మీద గాడి గీస్తుంది. పొడవాటి మరచుట్టు ఒకటి కోతసూదిని నెమ్మదిగా లోపలికి జరుపుతూంటుంది. లేకపోతే గాడి మీద గాడి పడిపోతుంది. 234 చుట్లు 7 సెంటీమీటర్లలో ఇమడాలి గనుక ఒక్కొక్క చుట్టుకు 0.3 మిల్లీమీటరు జరగాలి. ఇక నడుమ రంధ్రం ఎలా చేసేవారో తెలుసా? వెలిగించిన సిగరెట్టు కొసతో!

మూడు నిమిషాల పాటకు నకలు తీయడానికి సరిగ్గా మూడు నిమిషాలు పడుతుంది. కర్మాగారంలోలా టపటపా అచ్చుగుద్దే వీలులేదు. ఇరవైమంది మిత్రులకు ఇవ్వాలంటే గంటసేపు అదే పాట, అదే గది. బయట మెట్ల మీద ఎవరి అడుగుల చప్పుడు వినిపించినా గుండె దడదడలాడవలసిందే.

ఇంత కష్టపడితే ఆ రికార్డు ఎన్నాళ్ళు ఉండేది? నిజం చెప్పాలంటే, కొద్దిసార్లు వాయించేసరికే పాట మసకబారిపోయేది. కారణం ఇదీ. ఆనాటి గ్రామఫోను తలకాయ వంద గ్రాములకు పైగా బరువుతో సూదిని గాడిలోకి నొక్కుతుంది. వంద గ్రాముల పప్పు పొట్లం మీ అరచేతిలో పెడితే బరువే తెలియదు. అదే బరువు సూదిమొన మీద నిలిస్తే గుచ్చుకుంటుంది. బరువు మారలేదు, అది ఆనే చోటు ఇరుకైంది. లక్క రికార్డులో రాతిపొడి కలిపేది ఇందుకే. గట్టి రికార్డు మీద సూదే అరుగుతుంది, కొత్త సూది వేసుకుంటే సరి. ఎక్స్-రే ఫిల్ము మెత్తనిది కనుక అక్కడ అరిగేది గాడి! గీయడానికి ఏ మెత్తదనం పనికొచ్చిందో, ఆ మెత్తదనమే దానికి శత్రువైంది.

అరగడంలోనూ ఒక వరస ఉంది. పెద్ద పెద్ద వంకరలు నిలబడతాయి, తలవెంట్రుకంత సన్నని వంకరలు ముందుగా చెరిగిపోతాయి. డోలు మిగులుతుంది, తాళాల గలగల మాయమవుతుంది. గాయకుడి గొంతు మిగులుతుంది, మాటల్లోని "స"కారాలు పోతాయి. అదీ పాట చివరి భాగంలో ముందుగా పోతుంది. ఎందుకో పైన వేసిన లెక్క చూస్తే మీకే తెలుస్తుంది. అరిగిన నకలుకు మళ్ళీ నకలు తీస్తే అరుగుదల అలాగే దిగుతుంది, కొత్త గాడి బరబర దానికి తోడవుతుంది. ఒక్కొక్క నకలులోనూ సన్నని ధ్వనులలో పదింట ఎనిమిది వంతులే మిగిలాయనుకోండి. మూడో నకలుకు 0.8ని మూడుసార్లు గుణించాలి. వచ్చేది 0.512, అంటే సగం! పాట తరుగుతుందా అన్న ప్రశ్నకు జవాబు ఈ లెక్కలో ఉంది. అందుకే మంచి తయారీదార్లు ఎలాగైనా అసలు రికార్డునుంచే నకలు తీయాలని పట్టుబట్టేవారు.

కొనేవారికి మరో ప్రమాదం కూడా ఉండేది. వీధి మూలలో చొక్కా చేతిలో దాచి అమ్మే సరుకు, వాయించి చూసి కొనే వీలులేదు. ఇంటికి వెళ్ళి పెట్టి చూస్తే, నాలుగు క్షణాలు సంగీతం వచ్చి ఆ తరువాత ఎవరిదో గొంతు రష్యన్‌లో తిట్లు లంకించుకున్న రికార్డులు కూడా ఉండేవని చెబుతారు. ఇంత నాజూకు మోసం మన సంతల్లో కూడా చూడం!

1950లో బొగొస్లోవ్‌స్కీ, తైగిన్ అరెస్టయ్యారు. స్టాలిన్ 1953లో మరణించిన తరువాత విడుదలయ్యారు. వచ్చి ఏం చేశారనుకుంటున్నారు? మళ్ళీ యంత్రం తయారుచేశారు! బొగొస్లోవ్‌స్కీ ఆ తరువాత కూడా జైలుకు వెళ్ళాడు. ఈలోగా అమెరికాలో ఎల్విస్ ప్రెస్లీ పాటలు వచ్చాయి. అవి కూడా ఎముకల మీదికెక్కాయి. 1958లో ఇలాంటి ఇంటి రికార్డులను చట్టం నిషేధించింది. అయినా వాటిని ఆపింది చట్టం కాదు, టేపు రికార్డరు. 1960లలో అది ఇళ్ళలోకి వచ్చాక ఫిల్ము అవసరం తీరిపోయింది. టేపు మీద సూది గీతలుండవు, ఇనుప ఆక్సైడు రేణువుల అయస్కాంతత్వమే పాటను దాచుకుంటుంది. అందుచేత వింటే అంతగా అరగదు. నకలుకు నకలు తీస్తే బుసబుస పెరగడం మాత్రం అక్కడా తప్పలేదు. పాటను అంకెలుగా మార్చి దాచే కాంపాక్ట్ డిస్కు 1982లో వచ్చింది. అంకెను చూసి అంకె రాసుకుంటే వందో నకలు కూడా అసలులాగే ఉంటుంది.

గీతలో పాట దాగి ఉంటుందంటే మీకింకా నమ్మకం కలగడం లేదా? మీరే చేసి చూడండి. పనికిరాని పాత రికార్డు ఒకటి సంపాదించండి. దళసరి కాగితాన్ని పొట్లంలా గరాటు చుట్టి, కొస దగ్గర ఒక కుట్టుసూదిని అడ్డంగా గుచ్చి, కదలకుండా అంటించండి. రికార్డు రంధ్రంలో పెన్సిలు దూర్చి, బల్ల మీద నిలబెట్టి, వేలితో తిప్పండి. గరాటును తేలికగా పట్టుకుని సూదిమొనను గాడిలో ఆనించండి. 78 రికార్డయితే సెకనుకు ఒక చుట్టుకన్న కాస్త వేగంగా, పెద్ద ఎల్.పి. అయితే రెండు సెకన్లకు ఒక చుట్టుకన్న కాస్త వేగంగా తిప్పాలి. చెవి దగ్గరపెట్టి వినండి. కరెంటు లేదు, యంత్రం లేదు, పాట వస్తుంది! వేగం పెంచితే గొంతు కీచుగా, తగ్గిస్తే బొంగురుగా మారడం గమనించండి. ఒకేచోట పదిసార్లు వాయించి, మొదటిసారికీ పదోసారికీ తేడా ఉందేమో వినండి. ఆ రికార్డు మాత్రం తాతగారికి ఇష్టమైనది కాకుండా చూసుకోండి సుమా!