ఇంటి కంప్యూటరు - దాని రక్షణ

వరద రాకమునుపే కరకట్ట గండి పూడ్చవలెనని కృష్ణాతీరమున పుట్టినవారికి వేరుగ చెప్ప నక్కరలేదు. కంప్యూటరు విషయమునను న్యాయ మిదియే. నేడు మచిలీపట్టణము, గుడివాడలయందే గాక దివిసీమ పల్లెలయందును పెక్కు గృహములలో కంప్యూటరు గలదు. బిడ్డల మార్కుల పత్రములు, పొలము పాసుపుస్తకముల నకళ్లు, పెండ్లి ఫొటోలు అందే దాచుచున్నారు. కావున దాని రక్షణనుగూర్చి కొంత వివరింప నెంచితిమి.

రాన్సమ్‌వేర్ అనునది యొక దుష్ట ప్రోగ్రాము. అది కంప్యూటరులోనికి చొరబడి, మన ఫైళ్లను ఉన్నచోటనే రహస్యలిపిలోనికి మార్చివేయును. ఆ లిపిని విప్పు తాళపుచెవి దొంగయొద్దనే యుండును. సొమ్ము చెల్లించినగాని ఫైళ్లు దక్కవని తెరపై బెదిరింపు కానవచ్చును.

2017 మే 12వ తేదీన వన్నాక్రై అను నిట్టి ప్రోగ్రాము లోకమంతట వ్యాపించెను. సుమారు 150 దేశములలో రెండులక్షలకు పైగా యంత్రములు దాని వాతబడెను. ఇంగ్లాండు ప్రభుత్వ వైద్యశాలలలో ఎన్నో చికిత్సలు వాయిదాపడెను. మన రాష్ట్రమునను కృష్ణా మొదలగు కొన్ని జిల్లాలలోని పోలీసు కంప్యూటర్లకు ఇది సోకినట్లు పత్రికలు ప్రకటించినవి. దొంగలు ఒక్కొక్క యంత్రమునకు 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్లు కోరిరి. మూడు దినములు దాటిన 600 అనిరి.

ఇందు ముఖ్యముగ గమనింపదగిన దొకటి గలదు. వన్నాక్రై ప్రవేశించిన లోపము విండోస్‌లో నుండెను. దానిని సవరించు అప్‌డేటును మైక్రోసాఫ్టు సంస్థ ఆ యేడు మార్చి 14వ తేదీననే, అనగా సుమారు రెండు మాసములకు ముందే, విడుదల చేసియుండెను. దానిని వేసికొననివారును, సవరణలు నిలిచిపోయిన పాత విండోస్ వాడుచున్నవారును చిక్కిరి. గండి తెలిసియుండెను, మట్టియు సిద్ధముగ నుండెను, పూడ్చువారే లేకపోయిరి.

కావున మొదటి నియమము: అప్‌డేటు వచ్చినప్పుడు "తరువాత చూతము" అని త్రోసివేయరాదు. విండోస్ 10నకు సాధారణ సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. అది గలవారు క్రొత్తదానికి మారుట మేలు. దొంగ సాఫ్ట్‌వేరు వేయించుకొనరాదు.

రెండవది: ఎరుగనివారి మెయిలుతో వచ్చిన ఫైలును తెరువరాదు. ఫోనునకు పెండ్లి పిలుపు పేరిట వచ్చు ఏపీకే ఫైలును అట్టిదే. శుభలేఖ చదువుటకు యాప్ వేసికొన నక్కరలేదు గదా!

మూడవది: వారమున కొకసారి ముఖ్యమైన ఫైళ్లకు వేరొక హార్డ్‌డిస్కుపై నకలు తీసి, డిస్కును ఊడదీసి బీరువాలో నుంచవలెను. తగిలించియుంచినచో దానికిని తెగులు సోకును. విత్తనపు వడ్లను రైతు తిండిగింజలతో కలుపడు గదా!

ఇంత చేసినను ఆపద వచ్చెనా, వెంటనే ఇంటర్నెట్టు తీసివేసి 1930 నంబరునకు ఫోను చేయవలెను. సొమ్ము చెల్లించినను తాళపుచెవి దొరకునన్న నమ్మకము లేదు. పైగా ఆ సొమ్ము దొంగలకు మరింత బలమగును.

విద్యార్థులారా! అనేక గృహములలో కంప్యూటరు సంగతి బాగుగ నెరిగినవారు మీరే. మీ తల్లిదండ్రుల పత్రములకు మీరే కావలివారు. ఈ శనివారమే అప్‌డేటు చూచి, నకలు తీసి, వారికిని నేర్పుడు.