పాట పట్టే ల్యాప్‌టాప్‌కు వేగం కంటే నిలకడ ముఖ్యం

పత్తికొండ చుట్టుపక్కల పాటకు కరువు లేదు. చెక్కభజన జట్లున్నాయి, పీర్ల పండగ వస్తే తప్పెట మోగుతుంది, ఎలుగుబంటి వెంట్రుకల టోపీ పెట్టుకుని నల్ల గొంగళి కప్పుకున్న గొరవయ్యలు ఢమరుకం వాయిస్తూ ఆడతారు. ఈ పాటల్ని ఇంట్లోనే నాణ్యంగా రికార్డు చేసి యూట్యూబ్‌లో పెట్టాలన్న కోరిక ఉన్న కుర్రకారుకు మొదట ఎదురయ్యే ప్రశ్న, ఏ ల్యాప్‌టాప్ కొనాలని. షాపులో అడిగితే చాలాచోట్ల ఒకటే జవాబు వస్తుంది: మ్యూజిక్ అంటే బరువైన పని కాబట్టి గేమింగ్ ల్యాప్‌టాప్ తీసుకోండి, ఎంత పెద్ద ప్రాసెసరైతే అంత మంచిది. వినడానికి సబబుగానే ఉంటుంది గానీ, మన ఎండకు, మన కరెంటుకు, మన జేబుకు ఆ సలహా సరిపోదు. పాట పట్టే ల్యాప్‌టాప్‌కు కావలసిన మొదటి గుణం పని మధ్యలో తడబడకపోవడం. రెండోది చప్పుడు చేయకపోవడం. వేగం సంగతి ఆ తర్వాతే.

ఎందుకో తెలియాలంటే, గొంతు కంప్యూటరులోకి ఎలా వెళ్తుందో కాస్త చూడాలి. మైకు పట్టిన ధ్వనిని సెకనుకు 48,000 సార్లు కొలిచి అంకెలుగా మారుస్తారు. సీడీల లెక్క 44,100. ఈ అంకెల్ని కంప్యూటరు కట్టలుగా కట్టి తీసుకుంటుంది. ఆ కట్ట పేరే బఫర్. ట్యాంకరు పైపు కింద బిందెలు మార్చడం మనకు కొత్త కాదు. పెద్ద బిందె పెడితే నింపాదిగా మార్చుకోవచ్చు, కానీ నిండేదాకా కాచుకోవాలి. చిన్న చెంబు పెడితే చప్పున నిండుతుంది, కానీ మార్చడంలో రెప్పపాటు ఆలస్యమైనా నీళ్లు నేలపాలు. 128 అంకెల బఫర్ అలాంటి చెంబు. అది 2.7 మిల్లీసెకన్లకు ఒకసారి నిండుతుంది. ఆ గడువులోగా కంప్యూటరు దాన్ని అందుకోకపోతే రికార్డింగులో ‘టప్’ మని ఒక చిటుకు మిగిలిపోతుంది. సెకనులో 370 సార్లకు పైగా వచ్చే ఈ గడువును పాట మొత్తంలో ఒక్కసారి తప్పినా మంచి టేకు పాడవుతుంది.

అలాగైతే పెద్ద బఫరే పెట్టుకుంటే పోదా అనవచ్చు. 1,024 అంకెల బఫర్ పెడితే లోపలికి 21 మిల్లీసెకన్లు, బయటికి మరో 21. అంటే పాడేవాడి గొంతు అతని హెడ్‌ఫోన్‌లోకి తిరిగి రావడానికి 40 మిల్లీసెకన్లు దాటుతుంది. గాలిలో ధ్వని అంతసేపట్లో దాదాపు 14 మీటర్లు వెళ్తుంది. అంత దూరంలో వినిపించే తాళానికి చెక్కలు కలపమంటే ఎంత అనుభవం ఉన్న భజన గురువైనా తడబడతాడు. అందుకే పాడుతున్నప్పుడు చిన్న బఫర్, తర్వాత తీరిగ్గా మిక్సింగ్ చేసుకునేటప్పుడు పెద్ద బఫర్ వాడతారు. కష్టమంతా పాడే సమయంలోనే.

ఆ సమయంలో గడువు తప్పడానికి ప్రాసెసర్ బలం చాలకపోవడమొక్కటే కారణం కాదు. వైఫై డ్రైవరు మధ్యలో అడ్డుపడుతుంది, యాంటీవైరస్ ఫైళ్లు వెతకడం మొదలుపెడుతుంది, కరెంటు ఆదా చేయాలని ల్యాప్‌టాప్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. ఖరీదైన యంత్రంలోనూ ఈ చికాకులు ఉండవచ్చు, పాతదానిలో లేకపోవచ్చు. విండోస్‌లో ఎక్కడ అడ్డు పడుతోందో చూపించే లేటెన్సీమాన్ అనే ప్రోగ్రాం ఉచితంగానే దొరుకుతుంది. ఇక ల్యాప్‌టాప్‌లో వచ్చే మామూలు సౌండు చిప్పు ఈ పనికి చాలదు. మైకును కలపడానికి యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్ ఉండాలి, దాని సొంత ఏసియో డ్రైవరు వేసుకోవాలి. జర్మనీ కంపెనీ స్టైన్‌బర్గ్ 1990ల చివర్లో తెచ్చిన ఈ పద్ధతి, విండోస్ మామూలు దారిని తప్పించి ధ్వనిని నేరుగా సాఫ్ట్‌వేర్‌కు అందిస్తుంది. యాపిల్ మ్యాక్‌లలో ఇలాంటి ఏర్పాటు ముందే ఉంటుంది.

రెండో గుణమైన నిశ్శబ్దానికి మన ఎండాకాలమే గట్టి పరీక్ష పెడుతుంది. మ్యాక్‌బుక్‌లు 10 నుంచి 35 డిగ్రీల మధ్య వాడాలని యాపిల్ చెబుతుంది. మిగతా కంపెనీలలోనూ చాలా ల్యాప్‌టాప్‌లకు హద్దు దాదాపు ఇంతే. ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు జిల్లాలో మధ్యాహ్నం ఎండ 40 డిగ్రీలు దాటడం మామూలు. రికార్డింగుకు తలుపులు మూయాలి, సీలింగ్ ఫ్యాను ఆపాలి, కూలరుంటే అదీ ఆపాలి. గది ఉడుకెత్తుతుంది. దానితోపాటు ల్యాప్‌టాప్ వేడెక్కి, దాని లోపలి ఫ్యాను గోల మొదలుపెడుతుంది. కండెన్సర్ మైకు ఆ గోలను పాటతో సహా పట్టేస్తుంది. గేమింగ్ ల్యాప్‌టాప్‌తో చిక్కు ఇక్కడే. ఇంటెల్ ప్రాసెసర్ల పేర్లలో హెచ్ అక్షరం ఉన్నవి ఎక్కువ కరెంటు తిని ఎక్కువ వేడి పుట్టిస్తాయి, యు అక్షరం ఉన్నవి తక్కువ. ఆటల కోసం పెట్టిన గ్రాఫిక్స్ చిప్పు ఆ వేడిని ఇంకా పెంచుతుంది తప్ప పాటకు దాదాపు అక్కరకు రాదు. 2020లో ఎం1 చిప్‌తో వచ్చిన మ్యాక్‌బుక్ ఎయిర్‌లో అసలు ఫ్యానే లేదు, కాబట్టి చప్పుడు లేదు. కానీ మరీ వేడెక్కితే అదీ వేగం తగ్గించుకుంటుంది. ఏ ల్యాప్‌టాప్ కొన్నా పొడవాటి మైకు తీగ ఒకటి కొని, ఇంటర్‌ఫేస్‌తో సహా ల్యాప్‌టాప్‌ను పక్క గదిలో పెట్టడం, తెల్లవారుజామున రికార్డు చేయడం మంచిది.

ర్యామ్, స్టోరేజీల లెక్క తేలికే. 24 బిట్లలో 48,000 రేటుతో ఒక మైకు నిమిషానికి సుమారు 8.6 ఎంబీ తీసుకుంటుంది. ఎనిమిది ట్రాకుల ఐదు నిమిషాల పాటకు 350 ఎంబీ చాలు. నాలుగైదు టేకులు దాచుకున్నా రెండు జీబీ దాటదు. కాబట్టి 512 జీబీ ఎస్‌ఎస్‌డీ, కాపీ దాచుకోవడానికి బయటి డిస్కు ఒకటి ఉంటే సరిపోతుంది. పాత హార్డ్ డిస్కు ఉన్న ల్యాప్‌టాప్ మాత్రం వద్దు. గొంతు, తప్పెట, తాళాలు పట్టడానికి 8 జీబీ ర్యామ్‌తో నెట్టుకురావచ్చు. వయొలిన్లు, తబలా, కీబోర్డు ధ్వనుల లైబ్రరీలు వాడాలంటే 16 జీబీ ఉండాలి. ఇప్పటి చాలా ల్యాప్‌టాప్‌లలో ర్యామ్‌ను బోర్డుకే అతికించేస్తున్నారు కాబట్టి తర్వాత పెంచుకోవచ్చో లేదో కొనే ముందే అడగాలి. ఒక ట్రాకు మీద వరసగా వేసిన ఎఫెక్టులను సాధారణంగా ప్రాసెసర్‌లోని ఒకే కోర్ మోస్తుంది. అందుకని కోర్ల సంఖ్య చూసి మురిసిపోకుండా ఒక్కో కోర్ సత్తా ఎంతో చూడాలి.

డెస్క్‌టాప్ చవక కదా అంటే నిజమే. కానీ పాట మధ్యలో కరెంటు పోతే ల్యాప్‌టాప్ బ్యాటరీ ఆ టేకును కాపాడుతుంది. గుడి దగ్గరికో జాతరకో మోసుకుపోవచ్చు. ఇంకో మేలూ ఉంది. ఎర్తింగ్ సరిగా లేని ఇళ్లలో ఛార్జరు పెట్టి రికార్డు చేస్తే స్పీకర్లలో ‘బుయ్’ మని హమ్ వస్తుంది. ఛార్జరు పీకేస్తే చాలాసార్లు అది పోతుంది. అయితే బ్యాటరీ మీద ఉన్నప్పుడు వేగం తగ్గకుండా పవర్ సెట్టింగు ముందే మార్చుకోవాలి.

ఫోను చాలదా అన్నది మరో ప్రశ్న. ఒక్క గొంతుతో పాడిన పాటకు, మంచి చోట కూర్చుంటే, చాలు. కానీ భజనలో చెక్కలు ముందుకొచ్చి గొంతు వెనక్కి పోయిందనుకోండి, ఒకే ట్రాకులో కలిసిపోయిన వాటిని విడదీసి సరిచేయడం కష్టం. వేర్వేరు మైకులతో వేర్వేరు ట్రాకుల్లో పట్టి తర్వాత పాళ్లు సరిచూసుకోవడానికే ల్యాప్‌టాప్. మ్యాక్ తప్ప వేరేది పనికిరాదనే వాదన కూడా ఉంది. మ్యాక్ ధ్వని వ్యవస్థ మంచిదే, గ్యారేజ్‌బ్యాండ్ ఉచితంగా వస్తుంది. కానీ ర్యామ్ తర్వాత పెంచలేం, రిపేరు ఖర్చెక్కువ. విండోస్‌లోనూ ఆడాసిటీ ఉచితం, రీపర్ సొంత వాడకానికి ఇచ్చే తగ్గింపు లైసెన్సు 60 డాలర్లు. మంచి డ్రైవరున్న ఇంటర్‌ఫేస్ తోడైతే తేడా చాలావరకు తగ్గిపోతుంది.

అసలు శ్రోత చెవికి ముందుగా తెలిసేది ల్యాప్‌టాప్ కాదు, గది. బేతంచెర్ల బండలు పరిచిన నేల, సున్నం కొట్టిన గోడలు ధ్వనిని తిప్పికొడతాయి. గొంతుకు బోలుతనం వస్తుంది. దీన్ని ఏ ప్రాసెసరూ సరిచేయలేదు. పాడేవాడి వెనక, పక్కల దళసరి గొంగళ్లు వేలాడదీసి, మూలల్లో దూది పరుపులు నిలబెడితే తేడా వెంటనే వినిపిస్తుంది. దూదికి ఆదోని మార్కెట్టు పక్కనే ఉంది. ఏ.ఆర్. రెహ్మాన్ చెన్నైలో ఇంటి ఆవరణలోనే స్టూడియో కట్టుకున్నారు, 1992 నాటి ‘రోజా’తో దేశమంతా ఆయన పేరు మోగింది. అమెరికాలో బిల్లీ ఐలిష్, ఆమె అన్న ఫినియస్ పడకగదిలో తయారుచేసిన తొలి ఆల్బం 2020 గ్రామీల్లో ఉత్తమ ఆల్బంగా నిలిచింది. వీళ్లందరి దగ్గరా సాధనాలున్నాయి, కాదనలేం. కానీ పెద్ద స్టూడియో గోడలు లేకున్నా పాట నిలబడుతుందని ఈ రెండూ చెబుతున్నాయి.

కాబట్టి చేతిలో లక్ష రూపాయలుంటే ల్యాప్‌టాప్‌కు అరవై వేలు మించనివ్వకండి. మిగతాది మైకు, ఇంటర్‌ఫేస్, హెడ్‌ఫోన్లు, గొంగళ్లకు ఉంచండి. అంత లేకపోతే సికింద్రాబాద్ సీటీసీలోనో బెంగళూరు ఎస్‌పీ రోడ్డులోనో ఆఫీసుల్లో వాడి అమ్మిన థింక్‌ప్యాడ్, ల్యాటిట్యూడ్ రకాలు చూడండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కాబట్టి, విండోస్ 11 నడిచేలా, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆ పైది కావాలని అడగండి. డబ్బు కట్టే ముందు షాపులోనే పది నిమిషాలు వీడియో నడిపించి, కీబోర్డు దగ్గర చెవి పెట్టి ఫ్యాను మోత వినండి. మీ చెవికి వినిపించే మోత మైకుకూ వినిపిస్తుంది. అలాంటిది ఎంత వేగమైనదైనా తీసుకోకండి.