మీ టైపింగ్ స్పీడ్ నిజంగా ఎంత? 15 సెకన్ల టెస్ట్ చెప్పేది నమ్మకండి

ఈరోజు ఎపిసోడ్ టైపింగ్ గురించి. "రోజంతా ఫోన్‌లో టైప్ చేస్తూనే ఉన్నాం కదా, దీనికి మళ్ళీ వీడియో ఎందుకు" అనుకుంటున్నారేమో. మా పిన్ని కొడుకు కూడా అలాగే అనుకున్నాడు. ఒక క్లర్క్ ఉద్యోగానికి రిటెన్ టెస్ట్ మంచి మార్కులతో పాసయ్యాడు. ఆ తర్వాత టైపింగ్ స్కిల్ టెస్ట్‌లో పోయింది. ఏడాదిన్నర చదువు పది నిమిషాల్లో పోయింది. ఇంటికొచ్చి "అన్నా, నాది 52 స్పీడ్, వాళ్ళు అడిగింది 35, ఎలా పోయింది?" అన్నాడు. వాడి ప్రశ్నకి జవాబే ఈ ఎపిసోడ్.

ముందు 52 అంటే ఏంటో చూద్దాం. డబ్ల్యూపీఎం, అంటే నిమిషానికి ఎన్ని పదాలు అని. కానీ ఇక్కడ పదం అంటే మనం కంటితో చూసే పదం కాదు. ఐదు కీ నొక్కులు కలిపి ఒక పదం కింద లెక్క, అందులో స్పేస్ కూడా ఉంటుంది. ఎస్‌ఎస్‌సీ సీహెచ్‌ఎస్‌ఎల్ నోటిఫికేషన్ చూడండి. ఇంగ్లీష్‌కి నిమిషానికి 35 పదాలు, అంటే గంటకి 10,500 కీ డిప్రెషన్స్ అని ఉంటుంది. 35ని ఐదుతో గుణించి, మళ్ళీ 60తో గుణిస్తే అదే వస్తుంది. పది నిమిషాల టెస్ట్ కాబట్టి 1,750 నొక్కులు.

ఇప్పుడు మావాడి లెక్క. వాడు చేసేది మంకీటైప్‌లో 15 సెకన్ల టెస్ట్. అందులో చిన్న చిన్న పదాలు వస్తాయి. కామా, ఫుల్‌స్టాప్, క్యాపిటల్ లెటర్ మనం ఆన్ చేసుకుంటే తప్ప ఉండవు. పైగా పది సార్లు చేసి, వాటిల్లో బెస్ట్ స్కోర్‌ని "నా స్పీడ్" అంటున్నాడు. వంద మీటర్లు పరిగెత్తి, అదే వేగంతో ఐదు కిలోమీటర్లు వెళ్తా అన్నట్టుంది.

నేనేం చేశానంటే, న్యూస్‌పేపర్ ఎడిటోరియల్ ఒకటి ముందు పెట్టి, ఫోన్‌లో పది నిమిషాలు టైమర్ పెట్టి, కొట్టరా అన్నా. మొత్తం 2,000 నొక్కులు వచ్చాయి. ఐదుతో భాగిస్తే 400 పదాలు, నిమిషానికి 40. ఇది గ్రాస్ స్పీడ్. 52 కాస్తా అప్పుడే 40కి దిగింది. తర్వాత ఇద్దరం కూర్చుని తప్పులు లెక్కపెట్టాం. దిద్దకుండా వదిలేసినవి 60. నెట్ స్పీడ్‌కి మామూలుగా వాడే లెక్క ఏంటంటే, తప్పుల్ని నిమిషాలతో భాగించి గ్రాస్‌లోంచి తీసేయడం. 60 తప్పులు, పది నిమిషాలు, అంటే నిమిషానికి ఆరు. 40లోంచి ఆరు పోతే 34.

చూశారా? 2,000లో 60 తప్పులంటే యాక్యురసీ 97 శాతం. పరీక్షల్లో 97 వస్తే ఇంట్లో స్వీట్లు పంచుతారు, టైపింగ్‌లో మాత్రం అదే 97 మీ స్పీడ్‌లోంచి ఆరు పదాలు లాగేసింది. (తప్పుల్ని లెక్కించే పద్ధతి ఒక్కో పరీక్షకి ఒక్కోలా ఉంటుంది. మీ నోటిఫికేషన్‌లో ఆ పేరా తప్పకుండా చదవండి. కొన్నిచోట్ల ఎడిటింగ్ టూల్స్ ఉండవు, ఆటోకరెక్ట్ ఉండదు.)

"బ్యాక్‌స్పేస్ ఉందిగా, దిద్దుకుంటా" అంటారు. దిద్దుకోండి, కానీ దానికీ ఖర్చుంది. తప్పు అక్షరం ఒకటి, బ్యాక్‌స్పేస్ ఒకటి, మళ్ళీ సరైన అక్షరం ఒకటి. ఒక్క నొక్కు పనికి మూడు. అదీ వెంటనే కనిపెడితేనే. నాలుగు అక్షరాలు ముందుకెళ్ళాక చూస్తే వెనక్కి వచ్చి అవన్నీ మళ్ళీ కొట్టాలి. ఈలోగా చదువుతున్న లైను ఎక్కడుందో కన్ను వెతుక్కుంటుంది. నన్నడిగితే అసలు టైమ్ పోయేది అక్కడే.

ఇది నా మాట ఒక్కటే కాదు. ఫిన్లాండ్‌లోని ఆల్టో యూనివర్సిటీ వాళ్ళు, కేంబ్రిడ్జ్ వాళ్ళు కలిసి 2018లో 1,68,000 మంది కంప్యూటర్ టైపింగ్ డేటా చూశారు. సగటు స్పీడ్ 52. బాగా ఫాస్ట్‌గా కొట్టేవాళ్ళు తప్పులు తక్కువ చేస్తున్నారని తేలింది. మరుసటి ఏడాది ఫోన్ల మీద 37,000 మందితో ఇంకో స్టడీ చేశారు. సగటు 36, రెండు బొటనవేళ్ళతో కొట్టేవాళ్ళకి 38 దాకా. టీనేజ్ పిల్లలు తల్లిదండ్రుల తరం కంటే నిమిషానికి పది పదాలు ఎక్కువ కొడుతున్నారు. ఇంకో ఇంట్రెస్టింగ్ విషయం, ఆటోకరెక్ట్ స్పీడ్ పెంచింది కానీ, పైన వచ్చే సజెషన్ పదాల్ని చూసి నొక్కేవాళ్ళు స్లో అయ్యారు. చూడటానికి, ఎంచుకోవడానికి పట్టే టైమే ఎక్కువైంది.

అంటే ఫోన్‌లో మీ స్పీడ్ నిజమైనదే. కానీ అది బొటనవేళ్ళ స్పీడ్, సగం ఆటోకరెక్ట్ పుణ్యం. కీబోర్డ్ ముందు అది పనికిరాదు.

మరి ఎలా పెంచాలి? మన ఊళ్ళలో టైప్ ఇన్‌స్టిట్యూట్లు ఉండేవి, కొన్నిచోట్ల ఇప్పటికీ ఉన్నాయి. లోయర్ అంటే నిమిషానికి 30, హయ్యర్ అంటే 45. మీ అమ్మానాన్నల్లో ఎవరైనా నేర్చుకుని ఉంటే అడిగి చూడండి, మొదటి రోజు పాఠం టక్కున చెప్పేస్తారు: ఎ ఎస్ డి ఎఫ్ జి ఎఫ్, సెమికోలన్ ఎల్ కె జె హెచ్ జె. పేజీలకి పేజీలు అదే. బోర్ కొడుతుంది, నిజమే. కానీ ఏ వేలు ఎక్కడికి వెళ్ళాలో చేతికే తెలిసిపోతుంది. కీబోర్డ్ మీద ఎఫ్, జె కీల మీద చిన్న గీత లాంటి ఉబ్బు తగులుతుంది చూడండి, చూపుడు వేళ్ళు చూడకుండానే అక్కడ పెట్టుకోవడానికే అది.

పదివేళ్ళూ వాడకపోతే పాపమేమీ కాదు. ఆరేడు వేళ్ళతో ఫాస్ట్‌గా కొట్టేవాళ్ళూ ఉన్నారు. అయితే ఒక అక్షరానికి ఎప్పుడూ ఒకే వేలు వెళ్ళాలి. మావాడు బి అక్షరాన్ని ఒకసారి ఎడమ చేత్తో, ఒకసారి కుడి చేత్తో కొట్టేవాడు. వాడి తప్పుల్లో చాలావరకు అక్కడివే.

ల్యాప్‌టాప్ లేదంటారా? మామూలు యూఎస్‌బీ కీబోర్డ్, ఒక ఓటీజీ అడాప్టర్ తీసుకోండి. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లకి పనిచేస్తుంది. ఫోన్‌ని దేనికైనా ఆనించి నిలబెట్టి, బ్రౌజర్‌లో కీబీఆర్ సైట్ తెరవండి. అది కొన్ని అక్షరాలతో మొదలుపెట్టి, వాటిలో స్పీడ్ వచ్చాకే కొత్త అక్షరం ఇస్తుంది. రోజూ 20 నిమిషాలు చాలు. మొదటి వారం స్పీడ్ పడిపోతుంది, భయపడొద్దు. 98 శాతం యాక్యురసీ రాకుండా స్పీడ్ పెంచొద్దు. వారానికొకసారి మాత్రం పేపర్ ముందు పెట్టుకుని పది నిమిషాల టెస్ట్ చేసి, నెట్ స్పీడ్ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏ అక్షరాలు తప్పుతున్నాయో కూడా రాయండి.

తెలుగు టైపింగ్ గురించి కామెంట్స్‌లో చాలామంది అడిగారు. ఇంగ్లీష్ స్పీడ్‌తో పోల్చుకుని బాధపడకండి. "చెప్పలేకపోతున్నాను" కంటికి ఒకే పదం. ఒత్తులు, గుణింతాలు, పొల్లు విడివిడిగా లెక్కపెడితే 18 నొక్కులు. అంటే మూడున్నర పదాల పైనే. అందుకే తెలుగులో పదాలు కాకుండా నొక్కులు లెక్కపెట్టండి. ఇన్‌స్క్రిప్ట్ లేఔట్ నేర్చుకోవాలా, ఇంగ్లీష్ అక్షరాలతో కొడితే సరిపోతుందా అనేది పెద్ద టాపిక్, వచ్చే ఎపిసోడ్‌లో రెండూ స్క్రీన్ మీద కొట్టి చూపిస్తా.

మావాడి సంగతి చెప్పలేదు కదూ. ఏడు వారాలైంది. గ్రాస్ ఇప్పటికీ 41 దగ్గరే ఉంది, పెద్దగా పెరగలేదు. తప్పులు మాత్రం 60 నుంచి 14కి వచ్చాయి. నెట్ ఎంతో మీరే లెక్కేసి కామెంట్‌లో పెట్టండి. ఇంకో నోటిఫికేషన్‌కి అప్లై చేశాడు, పరీక్ష డేట్ రావాలి.