వైప్పారు ఒడ్డున మన మాట

విరుదునగర్ నుంచి కోవిల్పట్టి వెళ్లే దారిలో వైప్పారు నది తగులుతుంది. నది అనగానే నిండుగా నీళ్లు ఊహించుకోవద్దు. ఏడాదిలో చాలా రోజులు కనిపించేది ఇసుకే. ఆ ఒడ్డునే ఉంది సాత్తూరు. కారసేవుకు, దోసకాయలకు, అగ్గిపెట్టెలకు పేరున్న ఊరు. 1957, 1962 ఎన్నికల్లో కామరాజ్‌ను అసెంబ్లీకి పంపింది కూడా సాత్తూరు నియోజకవర్గమే.

చుట్టుపక్కల పల్లెల్లోకి వెళ్తే తెలుగు చెవిన పడుతుంది. కమ్మ నాయుళ్లు, రెడ్డియార్లు, రాజకంబళ నాయకుల ఇళ్లలో ఇంకా ఈ మాట బతికే ఉంది. యాస వేరు, మధ్యలో తమిళం దొర్లుతుంది. చదువు, రాత మాత్రం తమిళంలోనే.

కానుగ చెట్ల వంతెన

వీళ్లు ఇంత దూరం ఎలా వచ్చారు? విజయనగర సేనల వెంట వచ్చారని చరిత్రకారులు చెబుతారు. 1529లో మదురైలో విశ్వనాథ నాయకుడి పాలన మొదలయ్యాక పాళెగాళ్లు, వాళ్ల వెనకే రైతులు ఈ నల్లరేగడికి చేరారు. ఇళ్లలో చెప్పుకునే కథ వేరే. పిల్లనిమ్మని ఓ ప్రభువు పట్టుబట్టాడు. రాత్రికి రాత్రే ఊరు వదిలేశారు. వెనక తరుముతున్న సైన్యం, ముందు పొంగుతున్న ఏరు. అప్పుడు ఒడ్డునున్న కానుగ చెట్లు వంగి వంతెన అయ్యాయట!

ఈ వలస కథనే కోవిల్పట్టి దగ్గర ఇడైసెవల్‌లో పుట్టిన కి.రాజనారాయణన్ 1976లో ‘గోపల్ల గ్రామం’ నవలగా రాశారు. ముళ్లపొదల అడవిని కాల్చి ఊరు కట్టుకున్న వైనం అందులో ఉంది. దాని కొనసాగింపు ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. 2021లో కన్నుమూసిన ఆయన ఇంటి భాష తెలుగే. రాసిందంతా తమిళంలో. తాత తెలుగులో చెప్పిన కథను మనవడు చదవాలంటే తమిళ పుస్తకమే తెరవాలి.

మనకంటే ముందే...

అలాగని ఈ ఏటి ఒడ్డు ఊళ్లన్నీ మనవాళ్లే పుట్టించారనుకుంటే పొరపాటు. సాత్తూరుకు ఎగువన, వైప్పారు పక్కనే ఉన్న వెంబకోట్టై దగ్గర 2022లో తమిళనాడు పురావస్తు శాఖ తవ్వకాలు మొదలుపెట్టింది. శంఖు గాజులు, పూసలు, మట్టి బొమ్మలు బయటపడ్డాయి. నాయకుల కాలానికి ఎన్నో శతాబ్దాల ముందే ఇక్కడ మనుషులు కాపురాలున్నారు. వలస వచ్చినవాళ్లు ఖాళీ నేలకేమీ రాలేదు.

సాత్తూరుకు దగ్గర్లోనే, వైప్పారు, అర్జున నది కలిసే చోట ఇరుక్కంగుడి మారియమ్మ గుడి ఉంది. ఆడి మాసం ఆఖరి శుక్రవారం ఊళ్లకు ఊళ్లే నడిచి వస్తాయి. ఆ జాతరలో కాస్త చెవి పెట్టి వినండి, తమిళం నడుమ మన మాటా దొరుకుతుంది.