ఇంట్లో చూపు పరీక్ష.. ఎంతవరకు నమ్మొచ్చు?

బస్సు బోర్డు మీద ఊరి పేరు బాగా దగ్గరికి వచ్చేదాకా కనిపించడం లేదా? మందు సీసా మీద అక్షరాలు చదవాలంటే చెయ్యి చాచి పట్టుకోవాల్సి వస్తోందా? 'సైట్ వచ్చినట్టుంది' అనుకోగానే ఇప్పుడు చాలామంది ముందుగా ఫోన్ తీస్తున్నారు. యాప్‌లో నాలుగు వరుసలు చదివి, వచ్చిన నంబర్‌తో కళ్లజోడుకు ఆర్డర్ పెట్టేస్తున్నారు. ఇంట్లో చూపు చూసుకోవడం మంచి అలవాటే. కాకపోతే ఆ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పలేదో తెలిసి ఉండాలి.

6/6 అంటే?

కంటి ఆసుపత్రి గోడ మీద కనిపించే అక్షరాల పట్టికను 1862లో డచ్ వైద్యుడు హెర్మన్ స్నెల్లెన్ రూపొందించారు. మామూలు కన్ను 6 మీటర్ల నుంచి చదవగలిగే వరుసను మీరూ అంతే దూరం నుంచి చదివితే మీ చూపు 6/6. మామూలు కన్ను 12 మీటర్ల నుంచే చదివే అక్షరాలను మీరు 6 మీటర్ల దగ్గరికొస్తే గానీ చదవలేకపోతే 6/12. ఇది చూపు ఎంత స్పష్టంగా ఉందో చెప్పే కొలత. అద్దాల పవర్ కాదు. హ్రస్వదృష్టి ఉన్నా, దూరదృష్టి ఉన్నా, సిలిండర్ పవర్ ఉన్నా, చివరికి శుక్లం ఉన్నా చూపు 6/12 కావొచ్చు.

పరీక్ష ఇలా..

* ఇళ్లలో 6 మీటర్ల చోటు దొరకడం కష్టం. కాబట్టి 3 మీటర్లు టేపుతో కొలిచి కూర్చోండి. ఆ దూరానికి 6/6 అక్షరం ఎత్తు సుమారు 4.4 మిల్లీమీటర్లు, 6/12 అక్షరం ఎత్తు సుమారు 8.7 మిల్లీమీటర్లు ఉండాలి. ప్రింట్ తీసినప్పుడు సైజు మారిపోవచ్చు. స్కేలుతో సరిచూసుకోండి.

* గుణింతాలు, ఒత్తులున్న తెలుగు అక్షరాలకన్నా అంకెలు మేలు. పట్టిక మీద వెలుతురు బాగా పడాలి.

* దూరం చూపుకు అద్దాలు వాడుతుంటే పెట్టుకునే చదవండి.

* ఒక్కో కన్ను విడిగా చూసుకోండి. అన్నింటికన్నా ముఖ్యం ఇదే. ఒక కంటి చూపు తగ్గినా రెండోది సర్దేస్తుంది కాబట్టి నెలల తరబడి తెలియకపోవచ్చు. రెండో కంటిని అరచేతితో మూయండి, నొక్కొద్దు.

* కళ్లు చికిలించొద్దు. చికిలిస్తే మసకగా ఉన్నదీ కాస్త స్పష్టమై, ఫలితం తప్పుతుంది. రెండో కంటికి వరుసను వెనక నుంచి ముందుకు చదివితే జ్ఞాపకంతో చెప్పే ప్రమాదం ఉండదు.

ఏ కన్నయినా 6/12 వరుస చదవలేకపోయినా, రెండు కళ్ల మధ్య రెండు వరుసల తేడా ఉన్నా కంటి వైద్యుల దగ్గరికి వెళ్లాల్సిందే.

గుండుసూది రంధ్రం

మసకగా కనిపిస్తే మరో చిన్న పరీక్ష చేయొచ్చు. మందపాటి అట్టకు ఒక మిల్లీమీటరు రంధ్రం చేసి, అందులోంచి అదే పట్టిక చూడండి. చూపు స్పష్టమైతే లోపం చాలావరకు అద్దాలతో సరిదిద్దగలిగేదే. మెరుగుపడకపోయినా, ఇంకా తగ్గినా శుక్లం, రెటీనా, నరం.. వీటిలో దేనిలోనైనా సమస్య ఉండొచ్చు. అప్పుడు కళ్లజోడు మార్చుకుంటూ కాలం గడపొద్దు.

రెడీమేడ్ అద్దాలు వాడొచ్చా?

నలభై దాటాక వచ్చే చత్వారానికైతే వాడొచ్చు. దూరం చూపు రెండు కళ్లకూ బాగుండి, చదవడానికి మాత్రమే ఇబ్బంది ఉన్నవాళ్లకు ఇవి సరిపోతాయి. పేపర్‌ను మీరు మామూలుగా పట్టుకునే దూరంలో ఉంచి, అక్షరాలు స్పష్టంగా కనిపించే అతి తక్కువ పవర్ ఎంచుకోండి. తెలంగాణలో 2018 ఆగస్టు 15న మొదలైన 'కంటి వెలుగు' శిబిరాల్లోనూ దగ్గరి చూపు అద్దాలను అక్కడికక్కడే ఇచ్చారు. ప్రత్యేక పవర్ కావాల్సినవాళ్లకు మాత్రం విడిగా చేయించి తర్వాత అందించారు. దూరం చూపు అద్దాల్లో ఒక్కో కంటికి పవర్, సిలిండర్ కోణం, కనుపాపల మధ్య దూరం.. అన్నీ కుదరాలి. యాప్‌లో 'ఇదింకా బాగుంది' అనుకుంటూ ఎంచుకుంటూ పోతే, ముఖ్యంగా చిన్న వయసువాళ్లు అవసరానికి మించి మైనస్ పవర్ తీసుకునే అవకాశముంది. తర్వాత తలనొప్పి, కళ్లు లాగడం మొదలవుతాయి.

ఈ మార్పులను తేలిగ్గా తీసుకోవద్దు

అరవై దాటిన పెద్దాయన 'అద్దాల్లేకుండానే పేపర్ చదువుతున్నా' అంటే ఇంట్లో అందరూ సంతోషిస్తారు. శుక్లం ముదురుతున్నప్పుడు కొందరిలో కటకం పవర్ మారి ఇలా జరుగుతుంది. దూరం చూపు తగ్గిందేమో అడగండి.

మధుమేహం అదుపులో లేకపోతే పవర్ రోజుల తేడాతోనే మారిపోవచ్చు. చక్కెర కొన్ని వారాల పాటు నిలకడగా ఉన్నాకే అద్దాలు చేయించుకోవాలి.

6/6 వచ్చిందంటే కన్ను ఆరోగ్యంగా ఉందని కాదు. నీటికాసులు వ్యాధిలో సాధారణంగా ముందు పక్క చూపు పోతుంది. ఎదురుగా ఉన్న అక్షరాలు చాలాకాలం బాగానే కనిపిస్తాయి. పోయిన చూపు తిరిగి రాదు. మధుమేహంతో రెటీనా దెబ్బతింటున్నా మొదట్లో లక్షణాలు ఉండవు. అందుకే నలభై దాటాక ఏడాది, రెండేళ్లకోసారి కంటి ఒత్తిడి, నరంతో సహా పూర్తి పరీక్ష చేయించుకోవాలి. మధుమేహం ఉంటే ఏటా రెటీనా పరీక్ష తప్పనిసరి. ఇంట్లో ఎవరికైనా నీటికాసులు ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పండి.

ఉన్నట్టుండి చూపు తగ్గినా, తెర కప్పినట్టున్నా, మెరుపులు, కొత్తగా నల్లటి చుక్కలు కనిపించినా, గుమ్మం అంచులాంటి నిటారు గీతలు వంకరగా కనిపించినా, కన్ను ఎర్రబడి నొప్పి పెడుతున్నా ఇంటి పరీక్షలు వద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి.

ఆరు నెలలకోసారి ఇంట్లో పెద్దలందరూ ఈ పరీక్ష చేసుకుని, తేదీతో పాటు ఏ కంటితో ఏ వరుస చదివారో రాసిపెట్టుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు ఆ కాగితం, పాత కళ్లజోడు వెంట తీసుకెళ్లండి. చూపు ఎప్పటి నుంచి, ఎంత మారిందో తేల్చడానికి అవి ఉపయోగపడతాయి.