నేల కింద రగిలే నిప్పును ఎలా ఆర్పుతారు?

ప్రశ్న: ఇండోనేషియాలో నేల కింద మంటలు నెలల తరబడి ఆరవని విన్నాను. నేల లోపల గాలి ఆడదు కదా, మరి నిప్పు ఎలా బతుకుతుంది? పైనుంచి నీళ్లు పోస్తే ఎందుకు ఆరదు?

అడగాల్సిన ప్రశ్నే. మంటకు గాలి కావాలని బళ్లోనే నేర్చుకున్నాం. అలాంటిది నేల కింద నిప్పు ఉందంటే ఎవరికైనా ఆశ్చర్యమే. ముందు అక్కడ కాలుతున్నదేమిటో చూద్దాం.

మన పొలాల్లో మట్టి కాలదు. అందులో ఎక్కువ భాగం ఇసుక, బంకమన్ను. ఇండోనేషియాలోని కాలిమంతాన్, సుమత్రా పల్లపు ప్రాంతాల్లో మాత్రం వేల ఏళ్లుగా నీళ్లు నిలిచే చిత్తడి అడవులున్నాయి. అక్కడ రాలిన ఆకులు, విరిగిన కొమ్మలు, చచ్చిన వేళ్లు నీళ్లలో మునిగిపోతాయి. కుళ్లబెట్టే సూక్ష్మజీవులకు నీటి అడుగున గాలి అందదు కాబట్టి అవి సగమే కుళ్లి, ఏడాదికి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పేరుకుంటాయి. కొన్నిచోట్ల ఈ పొర పది మీటర్లు దాటింది. దీన్నే పీట్ అంటారు. నల్లగా, మెత్తగా, పీచుపీచుగా ఉంటుంది. తడిగా ఉన్నప్పుడు దాని బరువులో పదింట తొమ్మిది పాళ్లు నీరే కాబట్టి, అంటించినా అంటుకోదు.

మరి అంటుకునేంతగా ఎలా ఎండింది? 1995లో అధ్యక్షుడు సుహార్తో మధ్య కాలిమంతాన్‌లో పది లక్షల హెక్టార్ల చిత్తడి నేలను వరి పొలాలుగా మార్చాలని ఆదేశించాడు. అందుకోసం 4,000 కిలోమీటర్లకు పైగా కాలువలు తవ్వారు. ఆ పుల్లటి నేలలో వరి పండలేదు. చివరికి పథకాన్ని వదిలేశారు గాని, కాలువలు మాత్రం నీటిని రాత్రింబవళ్లు నదుల్లోకి లాగేస్తూనే ఉన్నాయి. పథకాన్ని వదిలేయకముందే, 1997లో ఎల్‌నినో కరువు వచ్చింది. పొదలు కొట్టి తగలబెట్టిన నిప్పు ఎండిన పీట్‌లోకి దిగింది. వరి అంటే ప్రాణం పెట్టే మనలాంటి వాళ్లకు ఆ ఆశ అర్థమవుతుంది. కానీ ఏ నేలలో ఏం పండుతుందో అక్కడి దయాక్ తెగ రైతులను అడిగి ఉంటే ఇంత నష్టం జరిగేది కాదని నాకు అనిపిస్తుంది.

ఇక గాలి సంగతి. రైసుమిల్లు వెనక ఊక కుప్పకు నిప్పు అంటుకోవడం మీరు చూసే ఉంటారు. మంట కనిపించదు, సన్నగా పొగ వస్తుంటుంది. కర్రతో కెలికితే లోపల ఎర్రగా ఉంటుంది. రెండు బిందెల నీళ్లు కుమ్మరిస్తే పైపొర తడిసి పొగ ఆగుతుంది. తెల్లారేసరికి పక్కనుంచి మళ్లీ మొదలవుతుంది. పీట్‌లోనూ జరిగేది ఇదే.

మంట లేవాలంటే కాలే వస్తువు ముందు వాయువుగా మారాలి, ఆ వాయువుకు గాలి ధారాళంగా తగలాలి. మంట లేకుండా రగలడానికి అంత గాలి అక్కర్లేదు. ఎండిన పీట్ గుల్లగా ఉంటుంది. దాని పగుళ్లలోంచి, వేళ్లు కాలిపోయిన సందుల్లోంచి చొరబడే కాస్త గాలి చాలు. పైనున్న పొర వేడిని బయటికి పోనివ్వదు కాబట్టి లోపల 500 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ వేడి నిలుస్తుంది. ఆ వేడికి ముందున్న తడి పీట్ ఆరుతుంది, ఆరాక అంటుకుంటుంది. గంటకు కొన్ని సెంటీమీటర్లే సాగుతుంది గాని, ఆగదు. మట్టి కప్పేస్తే పోదా అని కొందరు అడుగుతారు. పక్క పగుళ్లనుంచి గాలి వస్తూనే ఉంటుంది, కప్పిన మట్టి వేడిని ఇంకా దాచిపెడుతుంది.

నీళ్లు ఎందుకు పనిచేయవంటే, బాగా ఎండిన పీట్ నీటిని పీల్చుకోదు. దానిలోని మైనం లాంటి పదార్థాలు నీటిని దగ్గరికి రానివ్వవు. పోసిన నీళ్లు ఏదో ఒక పగులు చూసుకుని జారిపోతాయి, పక్కనే ఉన్న నిప్పు చెక్కుచెదరదు. అమెరికాలోని గ్రేట్ డిస్మల్ స్వాంప్‌లో 2011 ఆగస్టులో పిడుగు పడి పీట్ అంటుకుంది. అదే నెలాఖరున ఐరీన్ తుపాను వచ్చి కుంభవృష్టి కురిపించింది. అయినా నిప్పు పూర్తిగా ఆరడానికి మొత్తం 111 రోజులు పట్టింది.

కాబట్టి నీటిని నిప్పు దగ్గరికే తీసుకెళ్లాలి. కాలిమంతాన్‌లో ఇందుకు ఒక ఇనుప గొట్టం వాడతారు. కొస మూసి మొనదేలి ఉంటుంది, కింది భాగంలో చుట్టూ చిల్లులుంటాయి. పై కొసకు పంపు పైపు తగిలించి, పొగ వచ్చే చోట నేలలోకి గుచ్చుతారు. నీటి ఒత్తిడికి లోపలి పీట్ చిలికినట్టయి, గొట్టం చుట్టూ ఆవిరి, నల్లటి బురద పొంగుకొస్తాయి. ఆ బురద చల్లబడేదాకా కదలరు. తర్వాత ఒక అడుగో రెండడుగులో జరిగి మళ్లీ గుచ్చుతారు. నీళ్లలో సబ్బు లాంటి పదార్థం కలిపితే పీట్ త్వరగా తడుస్తుంది. ఈ పని చేసేవాళ్లు ప్రతి అడుగూ చూసి వేయాలి. కింద కాలిపోయి బోలుగా మారిన చోట కాలు పెడితే వేడి బూడిదలోకి దిగిపోతుంది. వేళ్లు కాలిన చెట్లు గాలి లేకుండానే కూలతాయి.

కరువులో కాలువలూ ఎండిపోతాయి కాబట్టి అక్కడక్కడా గొట్టపు బావులు వేసి పెట్టుకుంటారు. నిప్పు పెద్దదైతే చుట్టూ అడుగున మామూలు మట్టి తగిలేదాకా కందకం తవ్వి నీటితో నింపుతారు. పీట్ మరీ లోతుగా ఉన్నచోట ఇది కుదరదు. ఎక్స్‌కవేటర్‌తో తిరగదోడి, తడిపి, బురదగా కలిపేయడం ఇంకో పద్ధతి. చెయ్యి పెట్టి చూస్తే చల్లగా తగిలేదాకా కలుపుతూనే ఉండాలి. 2008లో నార్త్ కరోలినాలోని ఇవాన్స్ రోడ్ మంటను ఆర్పడానికి దగ్గర్లోని సరస్సుల నీటిని పంపులతో ఆ నేల మీదికి మళ్లించారు. జూన్‌లో అంటుకున్నది 2009 జనవరికి గాని పూర్తిగా ఆరలేదు.

ఇన్ని చేసినా, నేల అడుగున నీరు దిగిపోయి ఉంటే మళ్లీ అంటుకోవడానికి ఒక సిగరెట్ పీక చాలు. 2015లో ఇండోనేషియాలో 26 లక్షల హెక్టార్లు కాలాయి. పొగ సింగపూర్, మలేషియాల్లో బళ్లు మూయించింది. మలేషియాలో స్థిరపడిన మన తెలుగువాళ్లూ ఆ పొగే పీల్చారు. ఆ మరుసటి ఏడాది పీట్ నేలల పునరుద్ధరణకు ప్రత్యేక సంస్థ ఏర్పడింది. పాత కాలువలకు దుంగలతో, మట్టి బస్తాలతో అడ్డుకట్టలు వేయడం దాని ముఖ్యమైన పనుల్లో ఒకటిగా ఉండేది. కట్ట వెనక నీరు నిలిస్తే, చుట్టుపక్కల పీట్ అడుగునుంచి తడుస్తుంది. మాస్కో దగ్గర 2010లో కాలిన పీట్ నేలలకూ తర్వాత ఇదే చికిత్స చేశారు.

ఎంత తడి చాలో చూడటానికి చిల్లులున్న ప్లాస్టిక్ గొట్టాన్ని నేలలో నిలువునా పాతి, అందులోకి కొలబద్ద దించుతారు. తోటలు వేసుకున్న పీట్ నేలల్లో నీటిమట్టం నేల పైభాగం నుంచి 40 సెంటీమీటర్ల కంటే కిందికి దిగకూడదని ఇండోనేషియా నిబంధన. అంతకంటే దిగితే ఆ తోట యజమాని కాలువ కట్టను ఎత్తు చేసుకోవాలి.